వాగు పక్క కాన్ ప్యాడక్

నేను రిటైర్ కావడానికి ముందు చివరి చలికాలం. మెల్‌బోర్న్‌లోని ఒక పాత రికార్డుల కార్యాలయంలో రీడింగ్ రూమ్ సీనియర్ ఆఫీసరుగా ఉన్నాను. పూర్వీకుల ఆరా కోసం వచ్చేవాళ్ళకి ఓడ ప్రయాణికుల జాబితాలు, జనన మరణాల నమోదులు తీసిచ్చి, చదవడంలో సాయపడటం నా పని. గదిలో గుసగుసే తప్ప గొంతెత్తకూడదు. ఆ నియమాన్ని అమలు చేయాల్సింది కూడా నేనే.

అలా వచ్చినావిడే మోరీన్, ఎనభై దాటింది. వాళ్ళది తరతరాలుగా బంగాళదుంపలు పండించే కుటుంబం. ముత్తాత పాట్రిక్ ర్యాన్ ఐర్లాండ్ నుంచి వచ్చాడు. చిక్కల్లా అక్కడే. ఆ రోజుల్లో ఇక్కడ దిగిన పాట్రిక్ ర్యాన్‌లు ఇద్దరు తేలారు. ఇద్దరూ రైతుబిడ్డలే, ఒకే ఈడువాళ్ళు. ఐర్లాండ్‌లో ఒకడిది టిప్పరరీ, తండ్రి కార్నీలియస్. ఇంకొకడిది క్లేర్, తండ్రి మైకేల్.

"ముత్తాత ఊరు చూడ్డానికి శనివారమే ఫ్లైట్, లవ్. ఈ మోకాళ్ళతో ఒక్క ఊరే తిరగగలను. ఎవరో పరాయివాళ్ళ పొలం చూసి ఏడ్చి వస్తే ఎంత సిగ్గు!" అంది మోరీన్.

కాగితాలన్నీ తిరగేశాం, ఏదీ తేలలేదు. చివరికి ముత్తాత కొడుకుల పేర్లు అడిగాను. ఐరిష్ రైతులు మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. మనకది కొత్తా? గుంటూరులో మా అన్నయ్యకి పెట్టింది తాతయ్య పేరే. మొగుడి పేరున్నవాణ్ణి ఏకవచనంలో అనకూడదని మా నాయనమ్మ, వాడు బడి ఎగ్గొట్టినప్పుడు కూడా, "ఏమండీ, ఇలా రండి, మీ వీపు చీరేస్తాను" అనేది. అది చెబితే మోరీన్ నోరు నొక్కుకుని నవ్వింది.

"పెద్దవాడు డెనిస్," అంది.

డెనిస్ అంటే పాట్రిక్ భార్య తండ్రి పేరు. ఇదేం చోద్యం! మామగారి పేరు దాటేసి పుట్టింటివాళ్ళ పేరు పెట్టే ధైర్యం ఆ కాలంలో ఏ కోడలికుంది? డెనిస్ కంటే ముందు ఎవరైనా పుట్టి పోయారేమోనని అడిగాను.

"ఎప్పుడూ వినలేదే," అంది. "కానీ మా పొలంలో వాగు పక్క చెక్కని కాన్ ప్యాడక్ అంటాం. ఆ కాన్ ఎవడో మా నాన్నకీ తెలీదు."

టిప్పరరీ పాట్రిక్ తండ్రి కార్నీలియస్ కదా, ఆ పేరున్నవాణ్ణి ముద్దుగా పిలిచేది కాన్ అనే! "ఓరి దేవుడో!" అని గావుకేక పెట్టింది ఎవరనుకున్నారు, నేనే. గదంతా తిరిగి చూసింది. మోరీన్ మోకాళ్ళ సంగతి మరిచిపోయి నన్ను వాటేసుకుని గిర్రున తిప్పింది. మూలన కూర్చున్న పెద్దమనిషి చప్పట్లు కొట్టాడు. తర్వాత బుద్ధిగా మరణాల నమోదు తీసి చూశాం. తల్లిదండ్రుల పేర్లతో సహా ఉన్నాడు పసివాడు, కార్నీలియస్ ర్యాన్. మోరీన్ కళ్ళు తుడుచుకుంది. అంతలోనే మళ్ళీ నవ్వు ముంచుకొచ్చింది ఇద్దరికీ.

ఆ పై వారం టిప్పరరీ నుంచి ఫోటో పంపింది. పొలం గేటు దగ్గర ఆవిడ, పక్కన ఎర్రబుగ్గల రైతు. కింద "ఈయన పేరూ కాన్!" అని రాసింది. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో మా వంటింట్లో ఒక్కదాన్నే పడీపడీ నవ్వాను.

ఆ పనిలో నాకు బోధపడింది ఇది. పెద్దకొడుకు పేరు వరసకి కుదరకపోతే, వాడికి ముందు ఎవరున్నారని అడగాలి. ఎవరికీ తెలియకపోతే పొలాల పేర్లు అడగాలి.