మామయ్యగారి సీసాలు, నా ముక్కు

కిందటి నెలలో ఒక పెళ్ళికని నేనూ మా అమ్మాయీ కారులో చల్లపల్లి బయల్దేరాం. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీల వెనక చిక్కుకుపోయాం. పంచదార ఫ్యాక్టరీ ఆడే రోజులు కదా, ఊరు ఊరంతా మడ్డి వాసన. మా అమ్మాయి మొహం చిట్లించి అద్దం ఎక్కించబోతే, "ఉండవే, ఒక్క నిమిషం" అన్నాను. కళ్ళు మూసుకుని గాలి పీల్చాను. ముందు పులుపు తగిలింది, కల్లు కుండ పక్కన నిలబడ్డట్టు. దాని వెనక అడుగంటిన బెల్లం పాకం. ఇంకా వెనక, బాగా వెనక, తడిసి ఆరిన గోనెసంచి. మా అమ్మాయి నవ్వేసి, "అమ్మా, తాతయ్య పూనాడా ఏంటి నీకు?" అంది. పూనడం కాదు గాని, వాసనని అలా పొరలు పొరలుగా విప్పి చూడడం నాకు నేర్పింది ఆయనే, మా మామయ్యగారు. నేర్పేనాటికి ఆయనకే ముక్కు పనిచేసేది కాదు.

మామయ్యగారు గుంటూరులో ఒక పొగాకు కంపెనీలో ముప్ఫై ఏళ్ళకు పైగా గ్రేడరుగా చేశారు. రైతులు బ్యారన్‌లో, అంటే పొయ్యి వేడి పెట్టే కొట్టులో, కాల్చి ఆరబెట్టి తెచ్చిన వర్జీనియా ఆకుని చూసి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏ రకమో, ఎన్నాళ్ళు నిలవుంటుందో చెప్పడం ఆయన పని. మా వైపు మగవాళ్ళంతా చుట్టలు కాల్చేవాళ్ళయితే ఆయన ఒక్కరే పైపు కాల్చేవారు. కంపెనీలో చేరిన కొత్తలో ఒక ముసలి మేనేజరు అలవాటు చేశాడట. కాల్చే పొగాకు కూడా బజారులో కొనేవారు కాదు. నిమ్మపండు రంగు ఆకు రెండు వంతులు, నారింజ రంగు ఆకు ఒక వంతు తీసుకుని, ఈనెలు తీసేసి, బెల్లం నీళ్ళు చిలకరించి, వడ్రంగి చేత చేయించుకున్న చెక్క పలకల మధ్య పెట్టి మర బిగించేవారు. నెల తర్వాత పలకలు విప్పితే అట్టలా తయారయ్యేది. దాన్ని సన్నగా తరిగి గాజు సీసాల్లో పెట్టి, మూత మీద ఏడాది రాసిన చీటీ అంటించి దాచేవారు. ఒక్కో సీసా కనీసం అయిదేళ్ళు. "కొత్తాకు నాలిక కొరుకుద్దమ్మా. దానికి కొంచెం వయసు రావాలి" అనేవారు.

ఇదంతా ఇప్పుడు ముచ్చటగా చెబుతున్నాను గాని, అత్తయ్యగారు పోయాక ఆయన పదమూడు సీసాలతో పటమటలో మా ఇంటికి వచ్చిన రోజున నాకు ఏమాత్రం ముచ్చట వెయ్యలేదు. మా నాన్న లంక పొగాకు చుట్టలు కాల్చి కాల్చి, చివరి రెండేళ్ళూ దగ్గుతూ పోయాడు. పక్కగదిలోంచి ఆ దగ్గు విన్నదాన్ని నేను. నాకు పొగాకంటే ఒక్కటే వాసన, అది మా నాన్న దుప్పటి వాసన. మా ఆయన ఆ సీసాలు తీసుకెళ్ళి నా ఊరగాయల గదిలో పై అరలో సర్దుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ కంపు నా ఊరగాయల మధ్య పెట్టడానికి వీల్లేదు. ఏం చేసుకుంటారో చేసుకోండి" అని గట్టిగానే అన్నాను. మామయ్యగారు హాల్లోనే ఉన్నారని తర్వాత తెలిసింది. మర్నాడు పొద్దున చూస్తే అర ఖాళీ. సీసాలన్నీ ఆయనే ఒక్కొక్కటీ మోసుకెళ్ళి తన మంచం కింద పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు అని, ఆ గొడవ అక్కడితో తీరిపోయేది.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. సాయంత్రం అయిదు గంటలకి ఆయన పెరటి వరండాలో పేము కుర్చీ వేసుకుని ఒక్క పైపు వెలిగించేవారు. నేను వంటింటి కిటికీ వినబడేటట్టు మూసేదాన్ని. ఆయన లేచి కుర్చీ అటు తిప్పుకునేవారు. "కాఫీ ఇమ్మంటారాండీ?" "ఇవ్వమ్మా." ఇంతకు మించి మా ఇద్దరి మధ్య మాటలు ఉండేవి కావు. మర్యాదకి మాత్రం ఏ లోటూ లేదు. చుట్టాలు వచ్చినప్పుడు మా ఇంటి మామా కోడళ్ళని చూసి నేర్చుకోవాలని కూడా అనేవాళ్ళు.

తర్వాత కరోనా వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం పడ్డాం. మేం పదిహేను రోజుల్లో లేచి తిరిగాం గాని మామయ్యగారికి రెండు నెలలు పట్టింది. డాక్టరు పైపు ముట్టుకోవద్దన్నాడు. ఆయన మారుమాట లేకుండా సరేనన్నారు. అన్నం దగ్గర మాత్రం ఏదో తేడాగా ఉండేది. ఏది వడ్డించినా ఒకేలా తినేవారు. గోంగూర చేస్తే మారు వడ్డించమన్నట్టు కంచం ముందుకు జరిపే మనిషి, బీరకాయ తిన్నట్టే తిని లేచిపోయేవారు. నీరసం అనుకున్నాను.

ఒకరోజు పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, మేడమీద బట్టలు ఆరేసి రావడానికి వెళ్ళాను. మామయ్యగారు వంటింట్లోనే, పొయ్యికి రెండడుగుల దూరంలో బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. నాకు మెట్ల మీదకే మాడు వాసన కొట్టింది. పరుగెత్తుకు వచ్చి చూస్తే గిన్నె నల్లగా మాడిపోయి ఉంది. ఇల్లంతా వాసన. ఆయన తాపీగా పేజీ తిప్పుతున్నారు.

"మామయ్యగారూ! పాలు మాడిపోయాయండీ!"

ఆయన తలెత్తి గిన్నె వైపు చూశారు, తర్వాత నా వైపు. "మాడినయ్యా?" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది. ఎన్నాళ్ళనించి అని అడిగితే, జ్వరం తగ్గిన దగ్గర్నించీ అన్నారు. అంటే నాలుగు నెలలు. ఎవరికీ చెప్పలేదు. "చెప్తే ఏం చేస్తారమ్మా? ముక్కు నమ్ముకుని బతికినవాణ్ణి. అది పోయిందని చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది" అన్నారు. నేను గిన్నె తోముతూ, ఆయన మొహం చూడలేక, చాలాసేపు తోముతూనే ఉండిపోయాను.

ఆరు నెలలు పోయాక డాక్టరు, ఆయన వయసు చూసి కాబోలు, కాస్త మెత్తబడ్డాడు. వారానికి ఒక్కటి, అదీ మానేస్తే మరీ మంచిదన్నాడు. ఆయన గురువారం పెట్టుకున్నారు. మొదటి గురువారం పైపు నింపి, వెలిగించి, రెండు పీల్పులు పీల్చి పక్కన పెట్టేశారు. రెండో వారమూ అంతే. మూడో వారం నేను కిటికీ ముయ్యడం మర్చిపోయాను. నిజం చెప్పాలంటే మర్చిపోలేదు, చెయ్యి రాలేదు. ఆయన కుర్చీలోంచే పిలిచారు.

"అమ్మాయ్, ఒక సాయం చేస్తావా? నువ్వు మూత తియ్యకుండానే ఏ జాడీ ఆవకాయ ఎట్లా ఉందో చెప్పగలవు. నీ ముక్కు మంచిది. ఈ సీసా పదేళ్ళది. ఎట్లా పండిందో ఒక్కసారి చూసి చెప్పమ్మా."

ఎనిమిదేళ్ళలో ఆయన నన్ను అడిగిన మొదటి సాయం. కాదనలేకపోయాను. సీసా అందుకుని, మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "చాలా బాగుందండీ" అన్నాను. ఆయన కాసేపు నన్నే చూశారు.

"ఊపిరి బిగబట్టావు గదమ్మా."

సిగ్గేసి మూత పెట్టబోయాను. ఆయనకి కోపం రాలేదు. "మా పనిలో మొహమాటం కుదరదమ్మా. ఆకు బాగలేకపోయినా బాగుందన్నామనుకో, ఆ రైతు మళ్ళీ ఏడాది కూడా బ్యారన్‌లో అట్లానే కాలుస్తాడు. నువ్వు చెడ్డదంటే నేనేం అనుకోను. చూసి చెప్పు, అంతే. ఇష్టం లేకపోతే వద్దు" అన్నారు.

అప్పుడు నిజంగా వాసన చూశాను. మా నాన్న దుప్పటి కోసం కాచుకుని ఉన్నాను గాని, అది రాలేదు. వచ్చింది వేరే. "ఎండుగడ్డి, మామయ్యగారూ. మధ్యాహ్నం పూట గడ్డివాము దగ్గర ఉన్నట్టుంది" అన్నాను. "ఊఁ. గడ్డి వెనక?" అన్నారు. మళ్ళీ చూశాను. "ఎండు ద్రాక్ష. కాదు, ఖర్జూరం. కుండ అడుగున పాత బెల్లం." ఆయన కళ్ళు మూసుకున్నారు. "పులుపుందా?" "ఉందండీ. పాత చింతపండులా. పచ్చిది కాదు." ఆయన కళ్ళు తెరవకుండానే చిన్నగా తలాడించారు. "పండింది" అన్నారు. ఆ రోజు పైపు చివరిదాకా కాల్చారు.

ఆ తర్వాత ప్రతి గురువారమూ నాకు అదొక పనైపోయింది. ఒక్కో వారం ఒక్కో సీసా. ఆయన ప్రశ్నలు వేసేవారు, నేను వెతికేదాన్ని. ఒకదానిలో ఉడికిన టమాటా పచ్చడి దొరికితే పగలబడి నవ్వారు. ఇంకోదానిలో కొత్త పుస్తకం దొరికింది. మాటల మధ్యలో మా నాన్న సంగతి కూడా వచ్చింది. ఆ దగ్గు గురించి, ఆ దుప్పటి గురించి నేను అంతకుముందు మా ఆయనకి కూడా అంత వివరంగా చెప్పలేదు. ఆయన అంతా విని, "ఈ సంగతి నాకు తెలిస్తే ఆ వరండాలో ఒక్కరోజు కూడా కాల్చేవాణ్ణి కాదమ్మా" అన్నారు. తెలియనివ్వనిది నేనే కదా మరి.

ఒక గురువారం అన్నిటికంటే పాత సీసా తీశారు. ఉద్యోగంలో ఆఖరి రోజున, తను చూసిన ఆఖరి పొగాకు బేలులోంచి తీసుకున్న ఆకుతో చేసినది. పద్దెనిమిదేళ్ళది. తన ఎనభయ్యో ఏట విప్పుదామని దాచుకున్నారట. మూత తియ్యగానే నాకు తెలిసిపోయింది. తడిగోడ వాసన. వాన నీళ్ళు దిగిన ట్రంకుపెట్టె వాసన. మూత లోపలి రబ్బరు పగిలిపోయి ఉంది. మంచం కింద ఆ మూల వానాకాలంలో గచ్చు చెమ్మగిల్లుతుంది, ఆ సంగతి ఇల్లు తుడిచే నాకే తెలుసు. ఊరగాయల గదిలో పై అరలో ఉండి ఉంటే దానికి ఏమీ అయ్యేది కాదు.

బాగుందని చెప్పెయ్యొచ్చు. ఆయన కాల్చినా రుచి తెలియదు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. ఆయన ఎదురుగా కూర్చుని, పైపు చేతిలో పట్టుకుని, చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూస్తున్నారు.

"మామయ్యగారూ, ఇది పోయిందండీ. బూజు పట్టింది." నేను ఆగలేక, "నా వల్లే పోయింది. ఆ రోజు నేను అలా అనకపోతే ఇవి పై అరలో ఉండేవి" అన్నాను.

ఆయన సీసాలో చెయ్యి పెట్టి ఒక ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపారు. చాలాసేపు నలిపారు. తర్వాత, "రబ్బరు ఏడాదికోసారి చూసుకోవాల్సింది నేనమ్మా. బద్ధకించాను" అన్నారు. ఆ ముక్క మళ్ళీ సీసాలో వేసేసి, "చెప్పావు. అది చాలు" అన్నారు. ఆ వారం పైపు వెలిగించలేదు. మర్నాడు పొద్దున ఆ పొగాకంతా బకెట్టు నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, పిండినల్లి పట్టిన నా మందార చెట్లకి తనే కొట్టారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం చివరికి మందారాలకి పనికొచ్చిందని మా ఆయనతో చెప్పి నవ్వారు. ఆ మధ్యాహ్నం నేను స్టూలు ఎక్కి, పై అరలో మాగాయ జాడీలు పక్కకి జరిపి, మిగతా సీసాలన్నీ అక్కడ సర్దాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. వద్దనలేదు.

మరుసటి ఏడాది ఒక ఉదయం పప్పుకి తాలింపు వేస్తున్నాను. వెనకనించి, "అమ్మాయ్, ఇంగువ ఎక్కువైనట్టుందే" అన్నారు. "ఎక్కడండీ, చిటికెడే వేశాను" అని జవాబిచ్చి, గరిటె అలాగే పట్టుకుని వెనక్కి తిరిగాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. నేను పొయ్యి ఆపేసి స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఆగలేదు. ఆయన కంగారు పడి, "ఎక్కువేం కాలేదులేమ్మా, సరిపోయింది, సరిపోయింది" అంటూ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

ముక్కు పూర్తిగా రాలేదు. సగమో, పావో వచ్చింది. ఆ గురువారం, నేను అన్నిటికంటే ఎక్కువగా పొగిడిన ఆ పదేళ్ళ సీసాయే కావాలన్నారు. మూత తీసి, కళ్ళు మూసుకుని, ఎంతసేపో వాసన చూశారు. నేను పరీక్ష రాసిన పిల్లలా నిలబడ్డాను. పైపు నింపారు, వెలిగించారు, నింపాదిగా కాల్చారు. చివరికి బూడిద దులుపుతూ, "నువ్వు చెప్పినంత బాగా ఏం లేదమ్మా" అన్నారు.

ఆ తర్వాత ఏడాదిన్నర ఉన్నారు. ఒక ఉదయం కాఫీ తీసుకెళ్తే లేవలేదు. మా ఇంట్లో ఆయన ఉన్నది మొత్తం పదకొండేళ్ళు. మొదటి ఎనిమిదేళ్ళలో ఆయన ఏమన్నారో గుర్తు చేసుకుందామని కూర్చుంటే ఒక పూటకి సరిపడా మాటలు కూడా దొరకవు. చివరి మూడేళ్ళలో ఏ గురువారం ఏం మాట్లాడుకున్నామో వరసగా చెప్పగలను. ఒకే ఇంట్లో, ఒకే క్యాలెండరు మీద గడిచిన ఏళ్ళే అవన్నీ. కొన్ని ఎందుకు అంత ఊరికే గడిచిపోయాయో, కొన్ని ఎందుకు ఇంకా గడవకుండా నా దగ్గరే ఉండిపోయాయో, ఈ వయసులో కూడా నాకు తెలియడం లేదు.