పచ్చదీపం ఆరిన తొమ్మిది రోజులు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెను అందరూ ఆవిరక్క అంటారు. పద్దెనిమిదేళ్లుగా ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడిన మనిషి. ఒక పక్కనుంచి తడి దుప్పటి లోపలికి వెళుతుంది, రెండో పక్కనుంచి వెచ్చగా జారివస్తుంది, మధ్యలో తెల్లటి ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరిలో ఆమె సగమే కనిపిస్తుంది. పిలిస్తే పలకడానికి కాస్త సమయం పడుతుంది. పరధ్యానమని సూపర్‌వైజర్ విసుక్కుంటాడు. పాపం, ఆమె ధ్యానమంతా పక్క గూట్లో నిలబెట్టిన ఫోన్ మీదే.

ఫోన్‌లో అమ్మ ఉంటుంది. పది నెలల కిందట స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అతికిందనీ, కాస్త కాస్త నడవమనీ డాక్టరు చెప్పాడు. కానీ ఇంట్లో ఉండేది ఇద్దరే. కూతురు పనికి వస్తే పగలంతా అమ్మ ఒంటరి. అందుకని ఆవిరక్క బీరువా మీద చిన్న కెమెరా ఒకటి పెట్టింది. పచ్చదీపం వెలుగుతూ అది మంచాన్నీ, కిటికీనీ, మధ్యనున్న నాలుగడుగుల నేలనీ రోజంతా చూపించేది. అమ్మ లేచి కూర్చుంటే చాలు, ఇక్కడ ఈమె గుండె గుభేలుమనేది. వెంటనే ఫోన్ చేసి, తాను వచ్చాక లేవచ్చులే, పడుకోమనేది. అమ్మ పడుకునేది. కళ్లు మూసుకుని కదలకుండా ఉన్న ఆ బొమ్మను చూస్తుంటే ఆవిరక్కకు ఎంత హాయో. దుప్పటి వెనక దుప్పటి జారిపోతుంటే, తానూ ఆ గదిలోనే ఉన్నట్టు, అమ్మ ఊపిరి చెంపకు తగులుతున్నట్టు ఉండేది.

ఒక మంగళవారం కెమెరా యాప్‌నుంచి మెసేజ్ వచ్చింది. అందులో లోపం బయటపడిందట. కిటుకు తెలిసినవాడు పాస్‌వర్డ్ లేకుండానే ఎవరింట్లోకైనా తొంగిచూడవచ్చట. సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా ప్లగ్ తీసేయమన్నారు.

లాండ్రీలో సగంమందికి అదే కెమెరా. మడతలు పెట్టే ఆవిడ తన ఇంట్లో చూడ్డానికేముంది, చూసినవాడే విసుగెత్తి పోతాడంది. సూపర్‌వైజర్ చదవకుండానే 'తర్వాత' నొక్కి టీ తాగడానికి వెళ్లాడు. డ్రైవర్ హడలిపోయి కనిపించిన ప్రతి కెమెరాకూ ప్లాస్టర్ అంటించాడు. అదే ఊపులో వ్యాన్ వెనక కెమెరాకు కూడా అంటించి, మర్నాడు బండి వెనక్కి తీస్తూ గోడను గుద్దాడు.

ఆవిరక్కకు మాత్రం ఒళ్లంతా కంపరమెత్తింది. నోరు తెరుచుకుని నిద్రపోతున్న అమ్మను ఎవడో ముక్కూమొహం తెలియనివాడు చూసి ఉంటాడా? ఆ సాయంత్రమే ప్లగ్ పీకేసింది.

ఆ తరవాత రోజులు కలలో నడిచినట్టు నడిచాయి. ఫోన్ చీకటిగా ఉంటే, ప్రతి తెల్లదుప్పటి మీదా అమ్మ గదే కనిపించేది. మంచం ఉండేది, అమ్మ ఉండేది కాదు. ఆ ధ్యాసలో రెండుసార్లు రోలర్‌లో దుప్పటి ఇరికించి చీవాట్లు తింది. గంటగంటకూ ఫోన్ చేసేది. అమ్మ ఎప్పటికోగానీ తీసేది కాదు, తీసినా ఆయాసపడేది. బాగానే ఉన్నానని మాత్రం చెప్పేది.

తొమ్మిదోనాడు అప్‌డేట్ వచ్చింది. అదే మధ్యాహ్నం బాయిలర్ మొరాయిస్తే అందరినీ ఇళ్లకు పంపేశారు. ఆవిరక్క పరుగులాంటి నడకతో ఇల్లు చేరి తలుపు తీసింది.

మంచం ఖాళీగా ఉంది.

అమ్మ కిటికీ దగ్గర ఉంది. నిలబడి ఉంది. చేతికర్ర మంచానికే ఆనించి ఉంది. ఒక చెయ్యి గోడకు ఆనించి, ఎండలోకి, వీధిలోకి చూస్తోంది. అలికిడికి తిరిగి, దొంగతనం చేస్తూ దొరికిపోయిన చిన్నపిల్లలా మొహం పెట్టింది.

"ఎప్పట్నుంచమ్మా?"

"నువ్వా దీపం ఆర్పిన మర్నాటి నుంచి. మొదటిరోజు మంచం పట్టుకుని రెండడుగులు. నిన్నటికి ఇక్కడిదాకా వచ్చాను."

"పడితే?"

అమ్మ బీరువా మీది కెమెరా వైపు చూసింది.

"ఎవడో చూస్తాడని నీకు భయం. నువ్వు చూస్తావని నాకు భయం. లేస్తే చాలు ఫోన్ మోగేది. నీ పని చెడగొట్టడమెందుకని పడుకునేదాన్ని. నిద్రా పాడా, ఊరికే కళ్లు మూసుకునేదాన్ని."

ఆవిరక్కకు ముందు కోపం వచ్చింది. తరవాత సిగ్గేసింది. తరవాత ఏడుపు ఆగలేదు. పరాయివాడెవడో తొంగిచూశాడేమోనని తొమ్మిది రోజులు ఉడికిపోయింది; తొమ్మిది నెలలు తొంగిచూసింది తనే. తను అంత హాయిగా చూసుకున్న ఆ నిద్ర, తనకోసం అమ్మ రోజంతా ఓపిగ్గా పడుకున్న పడక.

కళ్లు తుడుచుకుని కెమెరాను బీరువా మీదనుంచి దించింది. దాని తీగను చుట్టచుట్టి సొరుగులో పెట్టింది. అమ్మ అది చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు రోలర్ మళ్లీ తిరిగింది. గూట్లో ఫోన్ చీకటిగా ఉంది. ఆవిరక్క కళ్లు మాటిమాటికీ అటే పోతున్నాయి, ఆ భయం ఎక్కడికీ పోలేదు. పదకొండింటికి ఫోన్ మోగింది. ఈసారి చేసింది అమ్మ.

"కిటికీ దగ్గరున్నానే. ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నారు. నీ అంత నీటుగా చేతకావట్లేదు పాపం."

కూర్చోమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిరక్క దాన్ని మింగేసింది. ఆవిరిలో కళ్లు మూసుకుంది.

"ఇంకా ఏం కనిపిస్తోందమ్మా?" అని అడిగింది.