కొండవానలో తెల్లన్నం

ఆ ఉదయం పొయ్యి దగ్గర నుంచి లేవబోతే మోకాళ్ళు నా మాట వినలేదు. పాదాలు నేలకు తగులుతున్నాయో లేదో తెలియలేదు. వాన చెమ్మకు తిమ్మిరి పట్టిందనుకున్నాను.

మాది రంగూన్, సేక్కాన్ రేవు పక్క. ఆ ఏడు నా పెనిమిటి అప్పన్నతో పాటు ఉత్తరాన, హిమాలయాలు మొదలయ్యే చోట, దారి వేసే కూలీలకు వంట చెయ్యడానికి వెళ్ళాను. ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. కొండచరియలు విరిగిపడి దారి తెగింది. కొండవాళ్ళ చేలు నిలువునా జారి వాగులో కలిశాయి. మాకు మిగిలింది రంగూన్ మిల్లు బియ్యం, ఉప్పు.

రోయ్ అనే కొండావిడ చేను కూడా పోయింది. అయినా అటక మీద మిగిలిన ఎర్రటి దంపుడు బియ్యం బుట్టతో తెచ్చి, అప్పటికే వాచిన నా కాళ్ళు చూపించి, తినమని సైగ చేసింది.

మా మేస్త్రి నవ్వాడు. "ఆ తవుడు గింజలు మనం తింటామేటే? అన్నమంటే మల్లెపువ్వులాగుండాల."

నాకూ అదే దర్జా. పైగా చేను పోయిన మనిషి తిండి మనకెందుకని ఒక సాకు దొరికింది. బుట్ట వెనక్కి పంపేశాను.

వాపు తొడలకు ఎక్కింది. ఆయాసం మొదలైంది. వాన తెరిపిచ్చినప్పుడు రోయ్ మనుషులే నన్ను వెదురు కుర్చీలో మోసి, విరిగిన కొండ దాటించారు. అక్కణ్ణుంచి కంచర గాడిద మీద, ఆపైన రైల్లో, అప్పన్న తోడుగా రంగూన్ చేరాను.

ఆసుపత్రిలో డాక్టరు తెలుగువారే. కాలి మీద వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. కాలు కదల్లేదు.

"బెరిబెరి. హార్ట్ కూడా పెద్దదైంది. అక్కడేం తిన్నావమ్మా?"

"తెల్లన్నమే బాబూ. మాంచి మిల్లు బియ్యం."

"అదే జబ్బు తెచ్చింది. తవుడంతా మర తీసేస్తే అందులో బలమేముంటుంది? ఇకమీదట దంపుడు బియ్యం, పెసలు, తవుడు కాచిన నీళ్ళు."

"నడుస్తానా బాబూ?"

"ఇప్పుడే చెప్పలేను."

రోయ్ బుట్ట గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అప్పన్న మిల్లు నుంచి తవుడు తెచ్చి కాచి ఇచ్చాడు.

"గేదెలకి పెట్టేది నాకు పెడతావేటి?"

"గేదె నడుస్తాది గదే! తాగు."

నవ్వుతూనే తాగాను. వాపు తగ్గింది. తొందరపడి వార్డులో నడిచాను. గుండె దడతో పడిపోయాను. "రెస్ట్ అంటే రెస్టే!" అని డాక్టరు కేకలేశారు. మళ్ళీ మంచం, మళ్ళీ తవుడు నీళ్ళు. నడిచి తీరాలని పంతం పట్టాను. గోడ పట్టుకుని నడిచాను, తర్వాత కర్రతో, తర్వాత కర్ర లేకుండా.

ఇప్పుడు పబేడాన్ వీధిలో దంపుడు బియ్యం గంజి అమ్ముతున్నాను, నిలబడే. అరికాళ్ళలో తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది. "ఇదేటి అక్కా, గంజి ఎర్రగుంది?" అని కూలీలు వెక్కిరిస్తారు. వెక్కిరిస్తూనే తాగుతారు.

వానాకాలం కొండలకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: దారి తెగకముందే దంపుడు బియ్యం, పెసలు దగ్గర పెట్టుకోండి.

రోయ్ వాళ్ళు ఇంకో వాలు మీద అడవి నరికి మళ్ళీ వరి చల్లారని కంచర గాడిదలవాడు చెప్పాడు. వానలు వెలిశాక వెళ్తున్నాను. విరిగిన ఆ కొండ ఈసారి నా కాళ్ళతో దాటుతాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎర్రన్నం అడిగి పెట్టించుకుంటాను.