మా మేనత్త బేసు వాయించేది

మా మేనత్త చనిపోయిన కబురు వచ్చినప్పుడు నేను మహబూబ్‌నగర్‌లో, తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అత్త పోయిందే" అని మాత్రం అన్నాడు. నల్లగొండ బస్సులో కూర్చున్నాక చర్చి వాళ్ల వాట్సాప్ గ్రూపులో సందేశం చూశాను. "దీర్ఘకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసి, సంగీత పరిచర్యలో కూడా సహాయపడిన సాత్వికురాలైన మన సహోదరి ప్రభువునందు నిద్రించారు" అని రాశారు. కల్వకుర్తి దాటేదాకా ఏడ్చాను. దేవరకొండ దగ్గర ఆ సందేశం మళ్లీ చదివితే ఏడుపు పోయి కోపం వచ్చింది.

మర్నాడు సమాధి దగ్గర మాట్లాడిన నలుగురూ అవే రెండు మాటలన్నారు. సాత్వికురాలు. సహాయపడింది. రెండూ తప్పే. అత్తకూ సాత్వికానికీ చుక్కెదురు. ఇక సహాయం సంగతి. దాదాపు పదేళ్లు ప్రతి ఆదివారం మా చర్చిలో బేస్ గిటార్ వాయించిన మనిషిని "సంగీతంలో సహాయపడింది" అంటే, ఇంటికి పునాది తీసినవాణ్ణి ఇటుకలు అందించాడన్నట్టే ఉంటుంది. ఎదురు చెప్పడానికి ఆమె ఇప్పుడు లేదు. అందుకని నేను చెబుతున్నాను.

బేస్ గిటార్ చూడనివాళ్ల కోసం ఒక మాట. మామూలు గిటార్‌కు ఆరు సన్నతీగలుంటే దీనికి నాలుగే ఉంటాయి, లావుగా. దాని శబ్దాన్ని ఎవరూ పనిగట్టుకుని వినరు. అది ఆగితే మాత్రం పాటకు కాళ్లు విరిగినట్టు అందరికీ తెలిసిపోతుంది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు, మా చర్చిలో బేసు వాయించే ఆయనకు షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికింది. ఆయన వెళ్లిపోయాక చర్చి గిటార్ సంచీలోనే మూలకు పడి ఉంది. అత్తకు అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. ఆమె సంఘపెద్ద దగ్గరికి వెళ్లి, అది తను నేర్చుకుంటానంది. నేను పక్కనే ఉన్నాను.

"ఆడోళ్లు పాట పాడుతరు. శానా అంటే కీబోర్డు. గది మోసుడే కష్టమమ్మా, బరువుంటది" అన్నాడాయన.

"నాలుగు కిలోలుంటదేమో అన్నా. నేను దినాం ఎనభై కిలోల మనుషులను ఈ మంచం మీదికెళ్లి ఆ మంచం మీదికి మారుస్తున్న."

"సరే తియ్యి. వెనక కుర్చీ ఏపిస్త, కూసోని వాయించు."

"కూసుంటే అవ్వలతోని కూసుంట. వాయిస్తే నిలబడే వాయిస్త."

ఇంట్లో స్పీకర్ లేదు. గిటార్ అంచును చెక్క బీరువాకు ఆనించి వాయించేది. బీరువా మొత్తం సన్నగా గుంయ్‌మనేది, లోపల గాజులు కదిలేవి. ఫోన్‌లో వీడియోలు చూస్తూ నేర్చుకుంది. వేళ్ల మీద బొబ్బలు లేచాయి. డ్యూటీలో చేతులకు స్పిరిట్ తగిలినప్పుడల్లా ప్రాణం పోయేది. మా బాపు ఒకసారి, "ఈ వయసుల నీకెందుకే ఈ నొప్పి?" అన్నాడు. "నొప్పి నాదే గద, నీకేం ఫికర్?" అంది. ఆరు నెలలకు ఆ బొబ్బలు గట్టిపడి కాయలు కాశాయి. కుడిచేతి చూపుడువేలి కొన మీద, నడిమివేలి కొన మీద.

బేసు వాయించడంలో పేరున్నవాళ్లు ముగ్గురు ఆమెకు ఎదురయ్యారు. మొదటాయన ఆ కొత్తలోనే. సూర్యాపేటలో బంధువుల పెళ్లిలో వాయించి తిరిగి వస్తున్నాం. కేతేపల్లి దగ్గర టీ కోసం బస్సు ఆపారు. హోటల్ ముందు ఒక కారుకు డ్రైవర్ టైరు మారుస్తున్నాడు. తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన సిమెంటు బల్ల మీద కూర్చుని బిస్కట్ టీలో ముంచుకుంటున్నాడు. అత్త వీపున ఉన్న సంచీని చూసి, చిన్నదాన్ని కదా అని నన్నడిగాడు, "బేసు మీరు వాయిస్తారా?" అని.

"నేను కాదు సార్, మా అత్త."

ఆయన నవ్వలేదు. ఆశ్చర్యపడనూ లేదు. "తీయండి, విందాం" అన్నాడు. అత్త బల్ల మీద కూర్చుని, పెళ్లిలో వాయించిన పాటే వాయించింది. స్పీకర్ లేదు గనుక ఆయన చెవిని గిటార్ దగ్గరగా పెట్టి విన్నాడు.

"మీరు పాట వెంట నడుస్తున్నారమ్మా. పాట మీ వెంట నడవాలి."

"పాడేటోళ్లు ముందటుంటరు గద సార్. నేను వెనకున్నదాన్ని, ఎట్ల నడిపియ్యాలె?"

"బండి తోలేవాడు ఎక్కడ కూర్చుంటాడు? ఎద్దుల వెనకే కదా."

అత్త ఒప్పుకోలేదు. "ఎద్దులకు పగ్గమున్నది సార్. నా చేతులేమున్నది?" అంది. ఆయన గిటార్ తీసుకుని, అదే పాటను రెండు వరుసలు వాయించాడు. స్వరాలవే, వేగమదే. కానీ నాకు తెలియకుండానే నా కాలు కదలడం మొదలుపెట్టింది. అత్త నా కాలి వంక చూసింది, తర్వాత ఆయన వేళ్ల వంక చూసింది. "సమజైంది" అంది.

టైరు పని అయిపోయింది. ఆయన కారెక్కాక డ్రైవర్ మా దగ్గరికి వచ్చి, "ఎవరనుకున్నారమ్మా? మీరు చిన్నప్పట్నుంచి విన్న సినిమా పాటల్లో సగానికి బేసు ఈయనదే" అని చెప్పి వెళ్లిపోయాడు. ఒక్క ఫోటో అయినా దిగలేదే అని నేను బస్సులో నెత్తి కొట్టుకుంటుంటే అత్త, "ముందుగాల తెలుస్తే నా చెయ్యి ఒణుకుతుండె. తెల్వకపోవుడే మంచిగైంది" అంది.

చర్చిలో చెబితే ఎవరూ నమ్మలేదు. సంఘపెద్ద పకపకా నవ్వాడు. "గంత పెద్దాయన కేతేపల్లిల నీకు పాఠం జెప్పిండా?"

"నమ్ముమని నేనడగలే అన్నా. ఆదివారం ఇను, సాలు."

ఆ ఆదివారం మొదటి పాటకే జనం లేచి చప్పట్లు అందుకున్నారు. ఎందుకు లేచారో వాళ్లకు తెలియదు.

రెండో ఆయన కథ చిన్నది. నేను మహబూబ్‌నగర్‌లో ఉద్యోగంలో చేరాక అక్కడొక కాలేజీ ఉత్సవానికి పేరున్న బ్యాండ్ వచ్చింది. అత్త నన్ను చూడ్డానికి వచ్చింది, ఇద్దరం వెళ్లాం. కచేరీకి ముందు తీగలు మీటి చూసుకుని దిగిన వాళ్ల బేస్ గిటారిస్టు వేదిక పక్కన మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. చుట్టూ పిల్లలు మూగారు. అత్త దగ్గరికి పోయేసరికి అతను, "ఆంటీ, సెల్ఫీయా?" అని ఫోన్ కోసం చెయ్యి చాపాడు. "వద్దు నాయినా. నీ రెండో తీగ శ్రుతి దిగింది, జర సూస్కో" అంది అత్త. అతను నవ్వేసి, వేదికెక్కి తీగ మీటి చూసుకుని మర మెల్లగా తిప్పాడు. మా వైపు మాత్రం చూడలేదు. అత్త దారి పొడుగునా దాని గురించే నవ్వింది.

మూడో ఆయనే అసలు కథ. నేనక్కడ లేను. అత్త చెప్పిందీ, ఆమెతో పనిచేసిన నర్సు చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

ఒక మధ్యాహ్నం, అత్త పనిచేసే దవాఖానకు హైవే మీది నుంచి ఒక యాభై ఏళ్లాయన్ని తీసుకొచ్చారు. వ్యాను తలుపులో కుడిచేతి చూపుడువేలు నలిగింది. పై కణుపు తోలు పట్టుకుని వేలాడుతోంది. డ్యూటీ డాక్టరు చూసి, ఆ ముక్క తీసేసి కుట్టేద్దాం, వారంలో మానిపోతుంది అన్నాడు. ఆ డాక్టరు చెడ్డవాడేం కాదు. బయట ఇరవైమంది ఉన్నారు, అలాంటి వేలికి అక్కడ అందరికీ చేసే వైద్యం అదే.

రక్తం తుడుస్తుంటే అత్త చేతికి ఆయన నడిమివేలి కొన తగిలింది. గట్టిగా ఉంది. ఆమె ఆగి, నలిగిన వేలి చివర కూడా చూసింది. అక్కడా కాయే.

"సార్, మీరు బేసు వాయిస్తరా?"

ఆ నొప్పిలోనే ఆయన కళ్లు తెరిచి చూశాడు. "మీకెలా తెలుసు?"

అత్త చేతికున్న తొడుగు తీసి తన రెండు వేళ్లూ చూపించింది.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లింది. "సార్, వేలు తియ్యొద్దు. కొన నొక్కి ఇడిస్తే మళ్ల ఎర్రవడుతాంది. నెత్తురు కొనదాంక పోతాంది. హైదరాబాద్ పంపుదాం" అంది. డాక్టరుకు కోపం వచ్చింది. ఎవరాయన, మంత్రిగారి మనిషా అన్నాడు. "ఎవలైతేంది సార్, ఏలు ఏలే" అంది. గది బయట పదిమంది వింటుండగా అరగంట వాదన. చివరికి డాక్టరు, దారిలో ఏమైనా అయితే నీదే పూచీ అన్నాడు. "నాదే" అంది. వేలికి కట్టు కట్టి, హైదరాబాద్‌లో తెలిసిన నర్సుకు ఫోన్ చేసి, సర్జన్ ఉన్నాడని రూఢి చేసుకుని, తనే అంబులెన్సు దాకా నడిపించింది. ఆయన ఎంత పేరున్నవాడో పక్కన వచ్చిన మనిషి అప్పుడు చెప్పాడు.

మర్నాడు అత్తకు మెమో ఇచ్చారు. డాక్టరు నిర్ణయంలో ఎందుకు జోక్యం చేసుకున్నావని అడిగారు. ఆమె జవాబు ఒక్క వాక్యం: "జోక్యం చేసుకున్న మాట నిజమే." క్షమాపణ రాయమని పైవాళ్లు ఇద్దరు వచ్చి చెప్పారు. రాయలేదు. ఆరు నెలలు ఆమెను ఆ వార్డు నుంచి తీసేసి మందుల స్టోరులో వేశారు. అక్కడ అట్టపెట్టెల మధ్య నిలబడి, మనసులో పాటలు సాధన చేసుకున్నానని నాతో చెప్పింది.

ఆ వేలు ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఏడాదైనా ఆయన నుంచి ఫోన్ లేదు. తోటి నర్సులు ఆటపట్టించారు. "చెయ్యి బాగైతదనుకున్న, థాంక్స్ జెప్తడనుకోలే" అనేది అత్త.

తర్వాత మా తమ్ముడికి ఫోన్‌లో ఒక వీడియో దొరికింది. ఏదో పెద్ద కచేరీ, ఆయనే. అత్త ఫోన్ లాక్కుని, "సప్పుడు బంద్ జెయ్" అంది. మాకు అర్థం కాలేదు. శబ్దం లేకుండా ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని ఆ ఒక్క వేలినే చూసింది. కెమెరా అటు తిరిగినప్పుడల్లా ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ చూసింది.

"వంగుతాంది" అంది. "పూరాగ వంగుతలేదు గని, వంగుతాంది."

మేమంతా సంబరపడుతుంటే ఆమె ఫోన్ తమ్ముడి చేతిలో పెట్టి అన్నం వడ్డించడానికి లేచింది. అన్నం తినేటప్పుడు నాతో అంది: "కోడలా, అబద్ధమెందుకు. ఆయన బేసు వాయించేటోడు గాకుంటే నేను గంత కొట్లాడకపోతుంటి. ఎంతమంది చేతి ఏళ్లు తీసేస్తుంటే నేను తట్ట పట్టుకొని నిలబడ్డనో."

ఆ మాట ఆమెను వదల్లేదు. ఆ తర్వాత వార్డులో, వేలు నలిగి వచ్చిన ప్రతి మనిషినీ మొదట ఒకటే అడిగేది: "ఈ చేతితోని ఏం పని జేస్తవు?" మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి గనిలో రాయి కొట్టే మనిషి బొటనవేలు కోసం మళ్లీ అంతే కొట్లాడింది. మేకలకు ఆకు కోస్తుంటే కొడవలి తగిలి వేలు తెగిన ముసలామె కోసం కొట్లాడింది. కుట్టుమిషన్ సూది దిగిన ముస్లిం దర్జీ కోసం కొట్లాడింది. కొన్ని వేళ్లు నిలిచాయి, కొన్ని నిలవలేదు. ఇంకో రెండు మెమోలు వచ్చాయి. ఆ గని మనిషి అంత్యక్రియలకు వచ్చాడు. ఎవరూ అతన్ని మాట్లాడమనలేదు. సమాధి మీద మట్టి వేసేటప్పుడు అతని బొటనవేలు చూశాను. వంకరగా ఉంది. మట్టిని మాత్రం గట్టిగానే పట్టుకుంది.

రెండేళ్ల క్రితం అత్తకు క్యాన్సర్ అని తేలింది. మందులకు జుట్టు పోయింది, తర్వాత వేళ్లు తిమ్మిరెక్కాయి. తీగ తగులుతున్నదీ లేనిదీ తెలియదు. "ఏళ్లకు తెలుస్తలేదు. చెవులకు తెలుస్తాంది గద" అని వాయించింది. సంఘపెద్ద మంచిగానే వచ్చి చెప్పాడు. "బేసు కీబోర్డుల గూడ వస్తదమ్మా. నువ్వు జర ఆరాం తీస్కో."

"సచ్చినంక తీస్కుంట అన్నా."

నేను చూసిన చివరి ఆదివారం స్తంభానికి భుజం ఆనించి నిలబడింది. మొహం పాలిపోయింది. నుదుటి మీద చెమట. పాటల్లో రెండు చోట్ల తప్పింది, మూడో చోట తనే సర్దుకుంది. చివరి పాట అయిపోయింది. పాడేవాళ్లు ఆపారు, కీబోర్డు ఆగింది. పాస్టరుగారు ఆశీర్వాదం ఇవ్వడానికి చెయ్యి ఎత్తారు, జనం తలలు వంచారు. అత్త మీటిన చివరి తీగ మాత్రం ఇంకా మోగుతోంది. దాని మీద అరచెయ్యి పెడితే చాలు, ఆగిపోతుంది. ఆపమని సంఘపెద్ద సైగ చేశాడు. అత్త ఆయన్నే చూస్తూ నిలబడింది. చెయ్యి పెట్టలేదు. ఆ మోత కిటికీ అద్దాల్లోంచి, బల్లల్లోంచి, మా పాదాల కిందినుంచి సన్నబడుతూ సన్నబడుతూ పోతోంది. అది పూర్తిగా అయిపోయేదాకా పాస్టరుగారి చెయ్యి అట్లాగే గాలిలో ఆగి ఉంది.