టేకు చెట్లకు బిగించిన తీగ

చెట్టుకు కట్టిన తీగతో వంద మైళ్ల అవతలి మనిషిని పలకరించగలమని తెలిసిన కొత్తలో, పక్కన నిలబడ్డ మనిషి మాట చెవికెక్కదు. నాకప్పుడు ఇరవై మూడేళ్ల నాలుగు నెలలు. హామ్ రేడియో లైసెన్సు వచ్చి పదకొండు వారాలు. జంగారెడ్డిగూడెం దగ్గర మా బాబాయి జీడిమామిడి తోటలో, గట్టు మీది నాలుగు టేకు చెట్లను చుట్టి పెద్ద చదరపు యాంటెన్నా కడతానన్నాను. నాకు రేడియో నేర్పిన బాబాయి, రెండు చెట్ల మధ్య ఇరవై మీటర్ల తీగ చాలన్నాడు. నాకది ఆనలేదు. ఎనభై నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు కొలిచి (రెండుసార్లు, టేపుతో) వీణ తీగలా బిగించాను.

"కాస్త వదులుంచమ్మా. ఒక మూల కప్పీ వేసి ఇటుక వేలాడదీయి. గాలికి చెట్లు ఊగుతాయి."

"వదులైతే చదరం చెడుతుంది బాబాయ్. లెక్క తప్పుతుంది."

"అయితే చెట్లకి చెప్పు, నీ లెక్క ప్రకారం ఊగమని."

తొమ్మిదో రోజున తుఫాను. కోనసీమలో, సముద్రానికి రెండు మైళ్లలో, మా అక్కా వాళ్ల అత్తగారూ ఇద్దరే ఉన్నారు (బావ క్యాంపుకెళ్లాడు). ఫోన్లు పోయాయి. మర్నాడు మధ్యాహ్నం అమలాపురం నుంచి ఒక ఆపరేటరు, కారు బ్యాటరీ మీద రేడియో నడుపుతూ, ఊరూరి జాబితా చదవసాగాడు: ఎవరు బడిలో తలదాచుకున్నారు, ఎవరు ఎక్కడ దొరికారు. అక్క వాళ్ల ఊరి పేరు చదివాడు. ఇంకా తగ్గని గాలికి ఒక చెట్టు అటూ ఒకటి ఇటూ వంగాయి, తీగ తెగింది. రేడియోలో ఒట్టి గరగర.

బాబాయి వానలో తెగిన కొస పట్టుకెళ్లి, జీడి కొమ్మల మీద బట్టలారేసే ఎత్తులో పరిచాడు. దగ్గరి ఊళ్లకు కిందికున్న తీగే మేలు (లైసెన్సు పరీక్ష పుస్తకంలో ముప్పై ఒకటో పేజీ, నేను దాటేసింది). ట్యూనరు తిప్పాడు. గొంతు తిరిగొచ్చింది. ఊరూ పేర్లూ చెప్పి అడిగాను.

"మీ అక్కగారు బడిలో ఉన్నారండి, క్షేమం." కాగితం తిప్పిన చప్పుడు. "అత్తగారు పోయారండి. పొద్దున్న దొరికారు. వయసు అరవై రెండని రాశారు."

"అరవై ఒకటండి," అన్నాను. "అరవై రెండు మాఘంలో నిండుతాయి."



"సరేనమ్మా, దిద్దుకుంటున్నాను," అన్నాడాయన. బాబాయి నా చేతిలోంచి మెల్లగా మైకు తీసుకున్నాడు.

ఇప్పుడు నాది ఆవిడను దాటిపోయిన వయసు (ఎన్నేళ్లు దాటిందో చెప్పగలను, చెప్పను). మైకు పట్టుకున్న అప్పటి ఆ పిల్ల తలపుకొస్తే కాస్త నవ్వే వస్తుంది. ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక లెక్క సరిచేసింది, పాపం.