ధరణి చెరిపేసిన మేనమామ

తమిళనాట కనకమ్మ సత్రం ఊళ్ళో ధరణి ఇల్లెక్కడని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. "ఫోన్లో చుట్టరికాలు పెట్టే పాప" అంటే మాత్రం టీ కొట్టాయన గ్లాసు పక్కన పెట్టి మరీ దారి చూపిస్తాడు. ఈ కీర్తి ఆమె కోరి తెచ్చుకున్నది కాదు.

ఆమె వృత్తి నిరపాయమైనది. పొద్దున్నే బస్సెక్కి తిరువళ్ళూరు పోయి, లారీల విడిభాగాలు అమ్మే ఒక కంపెనీలో గ్రాఫ్ డేటాబేస్ చూసుకుంటుంది. అందులో ప్రతి వస్తువూ ఒక చుక్క. చుక్కకీ చుక్కకీ ఉన్న సంబంధం ఒక గీత. ఆఫీసులో శాసనం ఒక్కటే: ఏ రెండు చుక్కల మధ్యా ఒక గీతకు మించి ఉండరాదు. లారీకీ క్లచ్ ప్లేటుకీ మధ్య నిన్నటిదాకా "కావాలి" అన్న గీత ఉంటే, ఇవాళ "బిగించాం" అని రాయగానే పాతది దానంతటదే చెరిగిపోవాలి. లారీలు ఈ శాసనం కింద సుఖంగా బతుకుతున్నాయి.

ఇంతలో ఆమె పెద్దమ్మ చెంగమ్మ చిన్న కూతురు జీవితకు పెళ్ళి కుదిరింది. తిరుత్తణిలో మండపం.

"పోయినసారి పిలుపుల్లో సగం మంది అలిగినారు" అంది చెంగమ్మ. "ఈసారి నీ కంప్యూటర్నే పిలవమను. అలిగితే దాని మీద అలుగుతారు."

ధరణి పెద్దమ్మ పక్కన కూర్చుని బంధుకోటి యావత్తునీ చుక్కలుగా మార్చింది. ముందు పుట్టుకలు రాసింది, తర్వాత పెళ్ళిళ్ళు. ఎవరి వరసను బట్టి వారికి పెళ్ళిలో ఏ పనో, పడుకోవడానికి ఏ గదో కంప్యూటరే తేల్చి, తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో కూర్చి అందరి ఫోన్లకూ పంపింది. ఆ ఇళ్ళలో పిల్లకాయలకు అవే అక్షరాలు తొందరగా వస్తాయి.

మర్నాడు చెంగమ్మ తమ్ముడు మహేష్ వచ్చి ఆమె ఇంటి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ధరణీ, నేను మీకెవుర్ని?"

"అదేం మాట మామా. లోపలికి రా."

"మామనా? ఫోన్లో చూడు."

ఫోన్లో ఇలా ఉంది: "పెద్దల్లుడు గారూ, మీరు ముందు వరసలో కూర్చోండి. ఏ పనీ చేయకండి."

నిజానికి అందులో అబద్ధం లేదు. మహేష్ తన అక్క చెంగమ్మ పెద్ద కూతురు లక్ష్మీప్రియనే చేసుకున్నాడు. చెంగమ్మకు తమ్ముడూ అతనే, అల్లుడూ అతనే. పెళ్ళికూతురికి మేనమామా అతనే, బావా అతనే. ఈ సీమలో ఇందులో వింతేమీ లేదు. ధరణి పెళ్ళిళ్ళు రాసిన క్షణాన "తమ్ముడు" మీద "అల్లుడు", "మేనమామ" మీద "బావ" వచ్చి కూర్చున్నాయి. కంప్యూటరు కిక్కురుమనలేదు. అడగని మాట చెప్పే అలవాటు దానికి లేదు, మన చుట్టాల్లో పుట్టలేదు గనక.

మేనమామ లేడని తేలాక అది ఊత్తుకోటలో టైర్ల కొట్టు పెట్టుకున్న పెరుమాళ్‌ను వెతికి పట్టుకుంది. ఆయన చెంగమ్మకు చిన్నాన్న కొడుకు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి మోసుకొచ్చే హక్కు మేనమామది. దాన్ని పెరుమాళ్‌కు ఇచ్చేసింది.

"ఆ గంప నాది కాదంటే నేను పెళ్ళికి రాను" అన్నాడు మహేష్. "పుట్టినప్పటి నుంచి ఎత్తుకోని తిరిగినాను దాన్ని. ఇప్పుడు ఏ పనీ చేయొద్దంట."

అతను వెళ్ళాక చెంగమ్మ మెల్లగా అంది. "పుట్టింటి తట్టు నాకు తోడబుట్టినోడు వాడొకడేనే. వాణ్ణి గూడా చెరిపేసినావు."

ధరణి అన్నం పక్కన పెట్టేసింది. వెంటనే కూర్చుని "తమ్ముడు", "మేనమామ" అని మళ్ళీ రాసింది. చేతికి పట్టిన ఆఫీసు అలవాటు. రాసింది పాతదాని మీదే, దాంతో పెళ్ళి గీత చెరిగిపోయింది. ఈసారి లక్ష్మీప్రియ ఫోన్ చేసింది.

"ఏమే, నా మొగుణ్ణి పెళ్ళిగాని మగపిల్లోళ్ళ గదిలో వేసినావంట?"

"తప్పైపోయింది అక్కా."

"పరవాల్యా, నాకూ కొంచెం నిద్ర పడతాది. మా ఇద్దరు పిల్లోళ్ళు యాడ పడుకోవాలో అది గూడా నీ కంప్యూటర్నే చెప్పమను."

అప్పుడు వెలిగింది ధరణికి. ఆ శాసనం లారీలది. ఏ లారీ అక్క కూతుర్ని చేసుకోదు. శాసనాన్ని ఎత్తేసింది. ఇక ప్రతి గీతా తన పేరుతో తాను నిలుస్తుంది. కొత్తది పాతదాని పక్కన చేరుతుంది గాని దాని నెత్తిన ఎక్కదు. తమ్ముడూ అల్లుడూ పక్కపక్కనే వచ్చి నిలిచారు.

మిగిలింది పెరుమాళ్. గంప మీది కాదని చెప్పడానికి ధరణి ఊత్తుకోటకు ఫోన్ చేసింది.

"చెప్పు పాపా" అన్నాడాయన, రొప్పుతూ. "లారీ టైరు ఎత్తి దించతా ఉండా. గంప కదా, అలవాటు గావాల. ఎన్ని పెండ్లిండ్లకు పోయినాను, ఒక్క పనికి ఎవురూ నన్ను పిలవల్యా. మేనమామ సీరుగా పెట్టాల్సిన చీర గూడా కొనేసినా."

ధరణి అసలు సంగతి ఎత్తకుండానే ఫోన్ పెట్టేసింది. పైగా ఆ గీత తప్పు కాదు. చిన్నాన్న కొడుకు మాత్రం తమ్ముడు కాడా. చెరపడంలో తన చేయి ఎంత చురుకో ఆమెకు తెలిసిపోయింది. ఇక దాన్ని నమ్మదలచలేదు. సరాసరి మహేష్ ఇంటికి పోయి, టైరు సంగతి సహా అంతా చెప్పింది.

"గంపకు రెండు పక్కలుండాయి గదా మామా."

మహేష్‌కు గంప కన్నా టైరు మీదికే మనసు పోయింది. "టైర్లు ఎత్తతా ఉండాడా?"

"రొప్పతా ఉండాడు."

"సరే. ఎడమ పక్క పట్టుకోమను. ముందు నడిచేది నేను."

ముహూర్తం రోజు గంప బయల్దేరింది. కుడి పక్క మహేష్, ఎడమ పక్క పెరుమాళ్, లోపల అంచులు గట్టిగా పట్టుకుని జీవిత. సాధన చేసినవాడు గనక పెరుమాళ్ తొణకలేదు. మహేష్‌కు మాత్రం పీటల దగ్గరికొచ్చేసరికి ముఖం కందగడ్డయింది.

చెంగమ్మ కొత్త తువ్వాలు తీసుకుని ఎదురొచ్చింది. వియ్యాలవారు చూస్తున్నారు.

"చెమట తుడుచుకోండి, అల్లుడుగారూ" అంది అందరికీ వినబడేలా. తువ్వాలు భుజాన వేస్తూ గొంతు తగ్గించింది. "నడుం పట్టిందేమిరా? ఆ చివర్న కూసో పో."