ఎవరూ లేరన్నాను

ఏళ్ల తరబడి ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. నా భర్తకు చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా చెప్పలేదు. దేవుడికి తెలుసులే అని దాటేశాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మొన్న టీవీలో ఒక సినిమా చూశాం. ఇంట్లో ఎవరికీ పట్టని గుడ్డిపిల్ల. ఆమెకు ఏమీ కాని మనిషొకడు చేరదీస్తాడు. నా భర్త కళ్లు తుడుచుకున్నాడు. "మా రోజీకి ఇలాటోడు ఒక్కడు దొరికుంటే బాగుణ్ను" అన్నాడు.

దొరికాడు. నేనే దూరం చేశాను.

రోజీ నా ఆడపడుచు. పుట్టుకతోనే చూపు లేదు. నా భర్త గాజువాకలో డ్యూటీకి, నేను బడికి పోతే, ఫిషింగ్ హార్బర్ దగ్గర మా ఇంటి అరుగు మీద ఒక్కతే కూర్చునేది. కొట్టలేదు, తిట్టలేదు. అన్నం గిన్నె పక్కన పెట్టి వెళ్లేదాన్ని. ఇంకేం కావాలని ఎప్పుడైనా అడిగానా?

సందు చివర షెడ్డులో వలలు బాగుచేసే అప్పన్న తాత అడిగాడు. వెంట తీసుకెళ్లాడు. వల చివరను తన కాలి బొటనవేలికి తగిలించుకుని బిగువుగా లాగి పట్టుకుంటే, రోజీ చిల్లు అంచులు వేళ్లతో వెతుక్కుని ముడి వేసేది. "నీ ముడి ఇప్పాలంటే సొరసేపే రావాలే గుంటా" అనేవాడు. ఆమె అంత గట్టిగా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

చర్చి బయట ఒకావిడ అంది: "ముసిలోడికున్న జాలి ఇంటోళ్లకి నేదేటమ్మా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇన్ని పుస్తకాలు చదివి, పిల్లలకు పాఠాలు చెప్పే నేను జాలి లేనిదాన్నా? నన్ను నేను చూసుకునే బదులు, ఆ తాత లేకపోతే ఆ మాట కూడా ఉండదనుకున్నాను. రోజీకి మీ దగ్గరికి రావడం ఇష్టం లేదట, చేపల కంపు అంటోంది అని తాతతో చెప్పాను. తాత ఊరెళ్లిపోయాడని రోజీతో చెప్పాను. తాత దగ్గరికి వెళ్లిన సంగతి అన్నకి చెప్పకు, కోప్పడతాడని కూడా అన్నాను. రోజీ చెప్పలేదు.

అప్పటినుంచీ ఆమెను చర్చికి చుట్టుదారిన తీసుకెళ్లేదాన్ని. ఒకసారి వానకు ఆ దారి మునిగింది. షెడ్డు ముందు నుంచే నడిపించాను. తాత ఒళ్లో వలతో కూర్చునున్నాడు. రోజీ ఆగిపోయింది.

"ఒదినా, ఇక్కడెవులైనా ఉన్నారేటి?"

"ఎవుల్లేరు. నడు."

"తాత బీడీ వాసనొస్తంది."

"ఎవుల్లేరన్నాను కదా."

తాత కళ్లలోకి చూస్తూనే ఆ మాటన్నాను. తాత నోరు తెరిచాడు. ఇంటిమనిషిని నేను కదా, నా మాట కాదనలేడు. మళ్లీ మూసుకున్నాడు.

పోయినేడు జ్వరంతో రోజీ పోయింది. చివరి రోజుల్లో ఆమె వేళ్లు దుప్పటి అంచు తడుముతూ ముడులు వేస్తుండేవి. జ్వరం వల్లే అన్నాడు నా భర్త. అవునన్నాను.

తాత ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నాడు. నా భర్త అటు వెళ్లినప్పుడల్లా, తిరిగొచ్చి మామూలుగా మాట్లాడేదాకా నాకు మెతుకు దిగదు. నేనే ముందు చెప్పేస్తే? చెప్పగలనా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన మనిషి లేదు. ఆమెకివ్వాల్సిన జవాబు మాత్రం ఇక్కడ రాస్తున్నాను, రాసినంతసేపైనా ఊపిరి ఆడుతోంది.

ఉన్నాడు రోజీ. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉన్నాడు. నేనే లేడన్నాను.